ముందు లాగే కారుకు వెనక రెక్క ఎందుకు?

ఇంజిను ముందు. అది తిప్పే చక్రాలూ ముందే. మరి రెక్క వెనక ఎందుకు? కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు నలుగురు కూడిన చోట ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. ప్రశ్న అనడం కంటే ఎగతాళి అనాలి. పాత స్విఫ్ట్‌కో పోలోకో వెనక ఓ పెద్ద రెక్క బిగించుకుని తిరిగేవాణ్ణి చూసి వేసే జోకు అది. జోకే అయినా దాని వెనక తర్కం ఉంది. రెక్క పని గాలి సాయంతో చక్రాలను నేలకేసి నొక్కడం. కారును లాగే చక్రాలు ముందున్నప్పుడు వెనక చక్రాలను నొక్కి ఏం లాభం? పైగా వెనక నొక్కితే ముందు తేలిపోదా?

వినడానికి బాగానే ఉంది. కానీ హోండా సివిక్ టైప్ ఆర్‌ను చూడండి. ముందు చక్రాలతో నడిచే వేగమైన కార్లలో దానిది పెద్ద పేరు, వెనక రెక్కా పెద్దదే. ఎన్నో దేశాల్లో జరిగే టీసీఆర్ టూరింగ్ కార్ల పందేలలో పరిగెత్తేవి ముందు చక్రాలతో నడిచే కార్లే. వాటన్నిటికీ వెనక రెక్క ఉంటుంది. సెకనులో పదో వంతు కోసం నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకునే ఇంజినీర్లు షోకు కోసం రెక్క పెట్టుకోరు.

ఎగతాళి చేసేవాళ్లు ఏ చక్రాలను ఇంజిను తిప్పుతోందో చూస్తారు. వేగంగా పోతున్న కారులో ఏ చక్రాలకు ముందుగా పట్టు తప్పుతుందన్నది వాళ్లు చూడరు. రెక్క ఉన్నది ఆ రెండో సంగతి కోసం.

అరచేతంత నేల

కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు టైర్ల కింద ఉన్న అరచేతంత జాగాలే. ముందుకు దూకాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ నాలుగు జాగాల పట్టే ఆధారం. టైరు మీద నొక్కుడు పెరిగితే పట్టు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అయితే నొక్కుడు రెట్టింపైతే పట్టు పూర్తిగా రెట్టింపు కాదు, కాస్త వెనకబడుతుంది. అందుకే ఒక జత టైర్లకు మోయలేనంత పని, రెండో జతకు సగం పని ఉన్న కారు మలుపులో కష్టపడుతుంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు పుట్టుకే అలాంటిది. ఇంజిను, గేర్‌బాక్సు, డ్రైవ్‌షాఫ్టులు అన్నీ బానెట్ కిందే ఉంటాయి. మనిషితో కలిపి 1400 కిలోలున్న ఒక కారును ఊహించుకుందాం. అందులో 62 శాతం, అంటే దాదాపు 870 కిలోలు, ముందు చక్రాల మీదే పడుతుంది. వెనక మిగిలేది 530. ముందు టైర్లు కారును లాగాలి, తిప్పాలి, బ్రేకు వేసినప్పుడు పెద్ద వాటా తామే భరించాలి. వెనకవి ఊరికే వెంట వస్తున్నట్టు కనిపిస్తాయి.

నొక్కుడు పెరిగితే పట్టు పెరుగుతుందంటే డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు వేసుకుంటే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. బస్తా టైరును కిందికి నొక్కే మాట నిజమే గానీ, మలుపు వచ్చినప్పుడు కారును బయటివైపుకి లాగేదీ అదే. ఆ లాగుడును ఆపుకునే భారం మళ్లీ టైరుదే. గాలితో నొక్కితే ఆ చిక్కు లేదు. కారు బరువు పెరగదు, టైరు మీద నొక్కుడు మాత్రం పెరుగుతుంది. దీన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. విమానాన్ని పైకి లేపే రెక్కను తలకిందులు చేసి కారుకు బిగిస్తే పుట్టేది అదే.

ఈ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. నాలుగున్నర అడుగుల పొడవు, జానెడు కంటే కాస్త తక్కువ వెడల్పు ఉన్న ఒక మామూలు రెక్క తీసుకోండి. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో అది 45 కిలోల నొక్కుడు ఇస్తుందనుకుందాం. 100 కిలోమీటర్ల దగ్గర అదే రెక్క ఇచ్చేది 11 కిలోలు. 50 దగ్గర మూడు కిలోలు కూడా రాదు. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే లెక్కలన్నీ ఈ కారుకు, ఈ రెక్కకు నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలు.

జోకులో ఉన్న నిజం

వెనక నొక్కితే ముందు తేలుతుందన్న మాట అబద్ధం కాదు. సైకిల్ కారియర్ మీద బియ్యం బస్తాను మరీ వెనక్కి వేలాడేలా కట్టి తొక్కినవాళ్లకు ఇది తెలిసిందే. హ్యాండిల్ తేలిపోతుంది, ముందు చక్రం నేలను ఆనీ ఆనకుండా ఉంటుంది. బస్తా బరువు వెనక ఇరుసుకు ఆవల పడుతోంది కాబట్టి వెనక చక్రం మీద బస్తా బరువుకు మించిన భారం పడుతుంది, ఆ పైబడ్డ భారం ముందు చక్రం నుంచి వచ్చినదే. కారు రెక్కా వెనక ఇరుసుకు ఆవలే ఉంటుంది. మన కారులో అది ఇరుసు నుంచి 80 సెంటీమీటర్లు వెనకుంటే, ముందు చక్రాల మీద 13 కిలోలు తగ్గుతాయి. రెక్కను గాలి వెనక్కి కూడా నెడుతుంది, ఆ నెట్టుడు ఎత్తులో పడుతుంది కాబట్టి ముందు భాగం ఇంకో మూడు కిలోలు తేలుతుంది. మొత్తం మీద 200 వేగంలో ముందు 16 కిలోలు పోయి, వెనక 61 కిలోలు చేరతాయి.

జోకు వేసేవాళ్లు సరిగ్గా ఇక్కడ ఆగిపోతారు. ముందు 16 కిలోలు పోయాయి కాబట్టి ముందు చక్రాలు గిర్రున తిరిగిపోతాయని అనుకుంటారు. అలా తిరిగేది ఎప్పుడో చూద్దాం. 300 హార్స్‌పవర్ ఇంజిను తన శక్తినంతా చక్రాలకు పంపిస్తే, గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఆ చక్రాలు నేలను దాదాపు 1350 కిలోల బలంతో వెనక్కి తోయాలి. కారు దూకుతున్నప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి ముందు టైర్లకు దొరికే పట్టు 750 కిలోలకు మించదు. అడిగింది 1350, ఉన్నది 750. టైరు కేకలు పెట్టి పొగ కక్కుతుంది. అదే ఇంజిను 150 వేగంలో అడిగేది 540 కిలోలే. పట్టు అంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి తిన్నని దారిలో చక్రం జారదు.

అంటే ముందు చక్రాలు ఇంజిను బలానికి తట్టుకోలేని ఇబ్బంది తక్కువ వేగాల్లో ఉంటుంది. అక్కడ రెక్క ఉన్నా లేనట్టే, మేలూ కీడూ రెండూ చేయదు. రెక్క పనిచేసే వేగాలకు వచ్చేసరికి ఆ ఇబ్బంది తీరిపోయి ఉంటుంది. తక్కువ వేగపు జారుడుకు మందు వేరే ఉంది. మలుపులో లోపలి చక్రం వృథాగా తిరగకుండా బలాన్ని బయటి చక్రానికి మళ్లించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అది. టైప్ ఆర్‌లో రెక్కతో పాటు అదీ ఉంది. రెండింటి పనులు వేరు, అవి పనిచేసే వేగాలూ వేరు.

వెనక చక్రాలకు ప్రాణం మీదికొచ్చే వేళ

ఊరికే వెంట వస్తున్నట్టు కనిపించే వెనక చక్రాలు బ్రేకు వేసిన క్షణంలో ఏమవుతాయో చూడాలి. గట్టిగా బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి వంగడం అందరూ చూసిందే. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద బ్రేకు పూర్తిగా తొక్కితే మన కారులో 260 కిలోల భారం వెనక నుంచి ముందుకు జరుగుతుంది. ముందు 1130 అవుతుంది, వెనక 270కి పడిపోతుంది. మొత్తం బరువులో వెనక మిగిలింది ఐదో వంతు కన్నా కాస్త తక్కువే.

ఇది చాలదన్నట్టు గాలి కూడా తన పని తాను చేస్తుంది. కారు పైభాగం వంపుగా, కింది భాగం చదునుగా ఉంటుంది. విమానం రెక్క ఆకారమూ దాదాపు ఇదే. గాలి పైనుంచి వేగంగా జారి వెనక వంపు వెంట కిందికి దిగేటప్పుడు కారు వెనక భాగాన్ని పైకి లాగుతుంది. ఆకారాన్ని బట్టి ఇది మారుతుంది గానీ, 200 వేగంలో వెనక ఇరుసు దగ్గర 40 కిలోలు ఎత్తేసే కారు అరుదేం కాదు. ఇప్పుడు 270లో 40 తీసేయండి. పావు టన్ను కూడా లేని నొక్కుడుతో వెనక చక్రాలు నేలను పట్టుకుని ఉన్నాయి. అదే సమయంలో కారు మలుపులోకి దిగుతోంటే?

ముందు భాగం గట్టిగా పట్టుకుని తిరుగుతుంది, వెనక భాగం బయటికి జారుతుంది, కారు గిర్రున తిరిగిపోతుంది. బ్రేకే వేయనక్కర్లేదు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసినా చాలు. 1980లలో వచ్చిన ప్యూజో 205 జీటీఐ ఈ గుణానికి పేరు మోసింది. దాన్ని ప్రేమించినవాళ్లు ఎంతమందో, దానితో కంచెల్లోకి దూరినవాళ్లూ అంతమంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మామూలుగా మలుపులో ముందుకే జారుతుంది, అంటే తిప్పినంత తిరగదు. దాన్ని అండర్‌స్టీర్ అంటారు. కాలు తీస్తే వేగం తగ్గి మళ్లీ దారిలోకి వస్తుంది కాబట్టి అది ఎంతో కొంత క్షమించే గుణం. వెనక జారడం, అంటే ఓవర్‌స్టీర్, అలా క్షమించదు. రియర్ వీల్ డ్రైవ్ కారులో వెనక జారితే యాక్సిలరేటర్‌తో కొంత సర్దుకునే వీలుంది. ముందు చక్రాల కారులో ఇంకా గట్టిగా తొక్కి, ముందుకు లాక్కుని బయటపడాలి. ప్రాణభయంతో ఉన్న మనిషికి కాలు అటు వెళ్లదు, బ్రేకు మీదికే వెళుతుంది.

ఇప్పుడు మన రెక్కను లెక్కలోకి తెద్దాం. 200 వేగంలో బ్రేకు వేసినప్పుడు వెనక మిగిలింది 230 కిలోలు. రెక్క 61 చేరుస్తుంది. అంటే పావు వంతుకు పైగా లాభం. ముందు ఉన్నది 1130, రెక్క తీసుకుపోయేది 16. నూటికి ఒకటిన్నర కూడా కాదు. కలిగినవాడి దగ్గర చిల్లర తీసి లేనివాడికి పిడికెడు ఇవ్వడం ఇది. ఇంత అనుకూలమైన బేరం వెనక బరువెక్కువగా ఉండే కార్లకు కూడా దొరకదు. జోకును తిరగేసి చెప్పొచ్చు కూడా: ముందు బరువున్న కారుకే వెనక రెక్క ఎక్కువ అవసరం.

■ స్పాయిలర్ వేరు, వింగ్ వేరు
మన దగ్గర వెనక ఏది బిగించినా స్పాయిలరే అంటాం. పని మాత్రం ఒకటి కాదు. స్పాయిలర్ కారు శరీరానికి అతుక్కుని ఉండే చిన్న గట్టు. వెనక వంపు వెంట కిందికి జారే గాలిని అది మధ్యలోనే తెంపేస్తుంది. గాలి కారును పైకి లాగే బలం దాంతో తగ్గుతుంది. వింగ్ అంటే రెక్క, పైనా కిందా రెండు వైపులా గాలి పారాలి. కింది వైపు గాలి వేగంగా పారి పీడనం తగ్గడం వల్లే నొక్కుడు పుడుతుంది. కింది వైపుకి శుభ్రమైన గాలి అందకపోతే రెక్క ఎంత పెద్దదైనా అలంకారమే. హ్యాచ్‌బ్యాక్ కార్లలో పైకప్పు చివరి దగ్గరే గాలి విడిపోయి వెనక సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో, అద్దానికి దిగువన బిగించిన రెక్కకు తగిలేది చెదిరిన గాలే. అందుకే పందెపు కార్ల రెక్కలు అంత ఎత్తులో, వికారంగా నిలబడి ఉంటాయి.

జర్మనీ రోడ్ల మీద నేర్చుకున్నది

ఈ వెనక తేలిపోయే సంగతి కాగితం మీది లెక్క మాత్రమే కాదని 1999లో ఆడి కంపెనీకి తెలిసింది. 1998లో మార్కెట్‌లోకి వచ్చిన ఆడి టీటీ అందమైన కారు. ముందు నుంచి వెనక దాకా ఒకే వంపు, ఎక్కడా గట్టు లేదు, రెక్క లేదు. అందులో ముందు చక్రాలతో నడిచే రకమూ ఉంది, నాలుగు చక్రాలతో నడిచే క్వాట్రో రకమూ ఉంది. జర్మనీలో కొన్ని ఆటోబాన్ రహదారుల మీద వేగానికి హద్దు లేదు కదా. ఆ దారుల మీద 180 దాటిన వేగాల్లో హఠాత్తుగా లేన్ మారినప్పుడో, మలుపులో ఒక్కసారిగా కాలు తీసినప్పుడో కొన్ని టీటీలు అదుపు తప్పాయి. మనుషులు చనిపోయారు.

కంపెనీ కార్లను వెనక్కి పిలిచింది. సస్పెన్షన్ మార్చింది. అప్పటికి చాలా కార్లలో లేని ఈఎస్‌పీని, అంటే కారు జారబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఏర్పాటును చేర్చింది. డిక్కీ మూత అంచున ఓ చిన్న స్పాయిలర్ అతికించింది. ఆ నున్నటి వంపు గీసినవాళ్లకు ఈ గట్టు కంట్లో నలుసే అయి ఉంటుంది. కానీ గాలి ఆ అందమైన వంపు వెంటే జారుతూ కారు వెనక భాగాన్ని ఎత్తుతోంది మరి. నున్నగా ఉంటే గాలి అడ్డుకునేది తగ్గుతుంది, నిజమే. పైకి లాగేది తగ్గాలని ఏమీ లేదు.

ఒక సంగతి చెప్పాలి. మూడు మార్పులూ ఒకేసారి చేశారు కాబట్టి ఎంత మేలు స్పాయిలర్ వల్ల, ఎంత మేలు ఈఎస్‌పీ వల్ల అని ఈ ఒక్క కథ నుంచి విడదీయలేం.

కావాలనే వెనకను వదులు చేస్తారు

రెక్క వల్ల ఇంకో లాభం ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. మంచి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు తయారుచేసేవాళ్లు దాని వెనక పట్టును కావాలనే తగ్గిస్తారు.

ముందు టైర్లకు పని ఎక్కువ కాబట్టి మలుపులో కారు తిరగనని మొరాయిస్తుంది. దాన్ని తిప్పాలంటే వెనక భాగం కాస్త బయటికి జరిగి సాయం చేయాలి. అందుకని మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ను వెనక గట్టిగా పెడతారు. అలా చేస్తే మలుపులో వెనక రెండు టైర్ల మధ్య భారం బాగా అసమానమై, ఆ జత మొత్తం పట్టు తగ్గుతుంది. లోపలి వెనక చక్రం నేలను వదిలి గాల్లో వేలాడుతూ మలుపు తిరిగే హ్యాచ్‌బ్యాక్‌ల ఫొటోలు మీరు చూసే ఉంటారు. చూసేవాళ్లకు అదేదో ప్రమాదం అనిపిస్తుంది గానీ అది పథకం ప్రకారం జరిగేదే.

60, 70 వేగంలో తిరిగే ఇరుకు మలుపుకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. అదే కారును 180 వేగంలో పెద్ద మలుపులోకి దింపితే ఆ చురుకుదనమే కొంప ముంచుతుంది. ఒక వేగానికి సర్దితే ఇంకో వేగానికి కుదరదు. స్ప్రింగులకూ బార్లకూ వేగం ఎంతో తెలియదు. రెక్కకు తెలుసు. తక్కువ వేగంలో అది ఉన్నట్టే ఉండదు, కారు చురుగ్గా తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ దానంతటదే వెనక భాగాన్ని నొక్కి పట్టుకుంటుంది. రెక్క ఉందన్న ధీమాతో ఇంజినీరు సస్పెన్షన్ ద్వారా వెనక పట్టును ఇంకాస్త తగ్గించగలడు. అంటే వెనక రెక్క వల్ల, అది అసలు పనిచేయని చిన్న మలుపుల్లో కూడా కారు మెరుగవుతుంది. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ పందెపు జట్లలో ఇది రోజూ చేసే పనే.

పందెపు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకు మరో బాధ ఉంది. ముందు టైర్లు తొందరగా వేడెక్కి అతుక్కుంటాయి, పని తక్కువ ఉన్న వెనక టైర్లు మొదటి రౌండంతా చల్లగానే ఉంటాయి. చల్లని పందెపు టైరుకు పట్టు ఉండదు. టూరింగ్ కార్ల పందేలలో మొదటి రెండు మూడు మలుపుల్లోనే కార్లు గిర్రున తిరిగిపోవడానికి ఇదొక కారణం. రెక్క నొక్కుడు ఇక్కడా కొంత ఆదుకుంటుంది.

1994: రెక్క కోసం జరిగిన తగాదా

ముందు చక్రాల కారుకు వెనక రెక్క దండగ అనేవాళ్లకు బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో 1994 సీజన్ చూపిస్తే చాలు.

ఆనాటి నియమం ప్రకారం పందెపు కారుకు ఉండే గాలి పరికరాలు జనం కొనుక్కునే కారులోనూ ఉండాలి. ఆ కారును కనీసం 2500 తయారుచేయాలి. అందరి కార్లూ రెక్కలు లేకుండా మామూలు సెడాన్ల లాగే వచ్చాయి. ఆల్ఫా రోమియో మాత్రం 155 సిల్వర్‌స్టోన్ పేరుతో 2500 కార్లు తయారుచేసింది. వాటి వెనక ఎత్తు పెంచుకోగలిగిన రెక్క, ముందు బంపర్ కింద ముందుకు జరుపుకోగలిగిన పెదవి లాంటి పలక ఉన్నాయి. రెక్కను పైకి లేపే ముక్కలు కారుతో పాటు డిక్కీలో పెట్టి ఇచ్చారు. కొన్నవాడు బిగించుకుంటే బిగించుకుంటాడు, లేకపోతే లేదు. పందెపు కారులో మాత్రం మొదటి రోజు నుంచీ బిగించే ఉన్నాయి. ఆ కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్. నడిపింది ఇటలీ డ్రైవర్ గాబ్రియేలె తార్క్వీని.

సీజన్ మొదట్లోనే వరస విజయాలు. మిగతా జట్లు భగ్గుమన్నాయి. ఫిర్యాదులు, విచారణలు. ఔల్టన్ పార్క్ పందేనికి రెక్కను దించి నడపమని చెప్పేసరికి ఆల్ఫా జట్టు సామాను సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత తిరిగి వచ్చి, రెక్క దించే గడువు మీద రాజీ పడి, చివరికి తార్క్వీనీయే ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు. రెక్క దిగాక అతని జోరు మునుపటిలా లేదు.

ఇందులో గమనించాల్సింది ఫిర్యాదు చేసిన జట్లను. ఫోర్డ్ మాండియో, వాక్సాల్ కావలియర్ రెండూ ముందు చక్రాలతో నడిచేవే. రెక్క పనికిరానిదైతే ఆల్ఫాను దాని ఖర్మకు వదిలేసేవాళ్లు. 1995లో నియమం మార్చి అందరికీ రెక్కలు ఇచ్చారు, అందరూ బిగించుకున్నారు. వోల్వో 1994లో 850 ఎస్టేట్ కారుతో, అంటే వెనక సామాను గది ఉన్న పొడవాటి బండితో పందేల్లోకి దిగి అందర్నీ నవ్వించింది. రెక్కలు రాగానే ఎస్టేట్‌ను పక్కన పెట్టి సెడాన్‌కు మారింది.

తార్క్వీని కథ అక్కడితో అయిపోలేదు. 24 ఏళ్ల తర్వాత 2018లో, 56 ఏళ్ల వయసులో, హ్యుందాయ్ ఐ30 ఎన్ టీసీఆర్ కారుతో ప్రపంచ టూరింగ్ కార్ కప్పు గెలిచాడు. అదీ ఫ్రంట్ వీల్ డ్రైవే, దానికీ వెనక రెక్క ఉంది. ఈసారి రెక్క మీద తగాదా లేదు.

ముందుకే మొగ్గిన ఒక కారు

ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 2015లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందేనికి నిస్సాన్ ఓ వింత కారు తెచ్చింది. జీటీ-ఆర్ ఎల్ఎమ్ నిస్మో. ఇంజిను ముందు, లాగే చక్రాలూ ముందు. ముందు టైర్లు 14 అంగుళాల వెడల్పు, వెనకవి 9 అంగుళాలే. ఆ పందెపు నియమాలు వెనక రెక్క మీద, కారు కింది నుంచి గాలిని లాగే వెనక డిఫ్యూజర్ మీద గట్టి హద్దులు పెట్టి, ముందు భాగాన్ని కాస్త స్వేచ్ఛగా వదిలాయి. అందుకని రూపకర్త బెన్ బౌల్బీ గాలి నొక్కుడు, బరువు, టైరు వెడల్పు మూడింటినీ కలిసి ముందుకు మొగ్గేలా చేశాడు. వెనక టైరు సన్నంగా ఉన్నప్పుడు దాన్ని ఎక్కువ నొక్కి లాభం లేదన్నది అతని లెక్క.

కారు ఓడిపోయింది. అనుకున్న హైబ్రిడ్ వ్యవస్థ పనిచేయలేదు. మూడు కార్లలో రెండు మధ్యలోనే ఆగాయి, మూడోది లెక్కలోకి వచ్చేంత దూరం పోలేదు. అయినా ఆలోచన తప్పని అనలేం. గాలి నొక్కుడు ఎక్కడ పడాలన్నది టైర్లను, బరువును చూసి తేల్చుకోవాలి. నాలుగు టైర్లూ ఒకే వెడల్పు ఉండే మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో వెనక టైర్లకు ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది, అందుకే అక్కడ వెనక రెక్క కలిసొస్తుంది.

వెనక మితిమీరి నొక్కితే మాత్రం జోకు నిజమవుతుంది. వేగమైన మలుపులో వెనక భాగం నేలకు అతుక్కుని ముందు భాగం జారిపోతుంది. అందుకే పెద్ద రెక్క పెట్టినప్పుడల్లా ముందు బంపర్ కింద స్ప్లిటర్ అనే పలక కూడా పెట్టాలి. ఆల్ఫా 155లో ముందు పలక కూడా ఉండడం యాదృచ్ఛికం కాదు.

టైప్ ఆర్, మెగాన్

జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ, ముందు చక్రాల కార్లు తమ రికార్డుల కోసం పోట్లాడుకునే చోటు. 2019లో రెనో మెగాన్ ఆర్ఎస్ ట్రోఫీ-ఆర్ 20.832 కిలోమీటర్ల పూర్తి రౌండును 7 నిమిషాల 45.389 సెకన్లలో చుట్టింది. 2023లో సివిక్ టైప్ ఆర్ 7 నిమిషాల 44.881 సెకన్లతో దాన్ని దాటింది. తేడా అర సెకను.

టైప్ ఆర్ వెనక పెద్ద రెక్క ఉంది. మెగాన్‌కు లేదు. పైకప్పు చివర చిన్న స్పాయిలర్, కింద కార్బన్ ఫైబర్ డిఫ్యూజర్ మాత్రమే. పందెం మరో దారిలో పరిగెత్తారు రెనో వాళ్లు. మామూలు ట్రోఫీ కారు నుంచి 130 కిలోలు తీసేశారు. వెనక సీట్లు లేవు, వెనక చక్రాలు తిరిగే ఏర్పాటునూ పీకేశారు. అర సెకను తేడాను చూపించి రెక్క గెలిచిందనడం తొందరపాటు. టైర్లు వేరు, ఇంజిను బలం వేరు, నడిపినవాళ్లు వేరు. రెక్క ఒక మంచి దారి, ఏకైక దారి కాదు అన్నంత వరకే ఈ రెండు కార్లూ చెబుతాయి. డిఫ్యూజర్ తక్కువ గాలి అడ్డుతో కొంత నొక్కుడు తెస్తుంది. బరువు తగ్గించడం అయితే అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది.

మన రోడ్ల మీద

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంలో మన ఊహా రెక్క ఇచ్చేది 16 కిలోలు, అదీ శుభ్రమైన గాలిలో సరైన కోణంలో నిలబెడితే. ఊళ్లో 60 దాటని ట్రాఫిక్‌లో నాలుగు కిలోలు. డిక్కీలో మరిచిపోయిన పచ్చడి జాడీల బరువు కంటే తక్కువ. యాక్సెసరీస్ షాపులో టేపుతో అతికించే ప్లాస్టిక్ రెక్క అయితే ఆ మాత్రం కూడా ఇవ్వదు. గాలి అడ్డు మాత్రం తప్పకుండా పెంచుతుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ముందు చక్రాలతో నడిచే కారుకు వెనక రెక్క నిజంగానే మేలు చేస్తుంది, 150 దాటిన వేగాల్లో, ట్రాక్ మీద, ముందు స్ప్లిటర్‌తో జత కుదిరినప్పుడు. రోడ్డు మీద తిరిగే స్విఫ్ట్‌కు, ఐ20కి అది ముచ్చటే. ముచ్చట తీర్చుకోవద్దని ఎవరూ అనరు.

వెనక పట్టు గురించి ఇంత చెప్పాక పనికొచ్చే మాట ఒకటి. నాలుగు టైర్లు ఒకేసారి కొనలేక రెండే మార్చినప్పుడు, లాగేవి ముందు చక్రాలే కదా అని షాపులో కొత్తవి ముందు వేయబోతారు. మిషెలిన్ లాంటి టైరు కంపెనీలు కొత్త జతను వెనకే వేయమంటాయి, కారును ఏ చక్రాలు లాగినా సరే. వానలో అరిగిన ముందు టైర్లు జారితే స్టీరింగ్ తేలిపోయి మీకు తెలుస్తుంది, కాలు తీసి సర్దుకుంటారు. అరిగిన వెనక టైర్లు జారితే తెలిసేసరికి కారు తిరిగిపోయి ఉంటుంది. ఈ వానాకాలం రెండే టైర్లు మారుస్తుంటే, షాపువాడు ఏమన్నా సరే, కొత్తవి వెనక వేయించండి.